మాస్టారు టేబుల్ ఎక్కని సీజన్

కట్టు కట్టేటప్పుడు మాస్టారు తన మోకాలి వైపు చూడడు. క్యారవాన్ కిటికీ తెర వైపు చూస్తూ, ఎవరి కాలో ఎవరికో అప్పగించినట్టు కూర్చుంటాడు. కాస్ట్యూమర్ కింద పీట వేసుకుని, ఆ కాలిని తన తొడ మీద పెట్టుకుని, మోకాలి చిప్పకి అటూ ఇటూ దూది మెత్తలు ఆనించి, సాగే గుడ్డని కింద నుంచి పైకి చుట్టుకుంటూ వస్తాడు. మరీ బిగిస్తే పాదం తిమ్మిరెక్కుతుంది. వదులైతే నాలుగడుగులకే జారి చీలమండ దగ్గర పోగుపడుతుంది.

"అబ్బా! ఏనుగుని కడుతున్నావా?"

"ఏనుగైతే నోరు మూసుకుని కట్టించుకునేది. ఇటు తిప్పు."

తలుపు మూసి ఉంటే 'నువ్వు', తీసి ఉంటే 'మీరు'. సినిమా పాటల్లో వెనక వరసలో పక్కపక్కన ఆడినప్పటి నుంచి ఇద్దరి మధ్యా ఉన్న ఒప్పందం అది. ఒకడు ముందు వరసకెళ్లి, మాస్టారై, ఇప్పుడు టీవీలో డాన్స్ పోటీకి జడ్జిగా కూర్చుంటున్నాడు. రెండోవాడు అతని ప్యాంటు ఎడమ కాలుని, కట్టు పట్టేంత వెడల్పుగా, పట్టినట్టు కనపడనంత నేర్పుగా కుడుతున్నాడు.

కాస్ట్యూమర్ నల్ల ప్యాంటు తొడిగి, పక్క కుట్టు లాగి చూసి, వెనక్కి జరిగాడు. "నడు."

మాస్టారు క్యారవాన్‌లో అటూ ఇటూ నడిచాడు. మొదటి అడుగుకి పెదవి బిగిసింది. తర్వాత మొహం సర్దుకుంది. టీవీలో అందరూ చూసే మొహం అదే.

"కుంటుతున్నానా?"

"స్టైల్ అనుకుంటార్లే."

నచ్చిన డాన్స్‌కి మాస్టారు టేబుల్ ఎక్కుతాడు. పాత సీజన్లలో ఎడమ చెయ్యి ఆనించి ఒక్క గెంతు గెంతేవాడు. పైన నిలబడి రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేసేవాడు. నూటికి నూరు మార్కులొచ్చినా రాని పేరు ఆ టేబుల్ వస్తే వచ్చేది. దాన్ని చూసి ఊళ్లలో పిల్లలు భోజనాల బల్లలెక్కి తన్నులు తిన్నారు. ఈ సీజన్లో మాత్రం ఇంతవరకూ ఎవరికీ టేబుల్ రాలేదు. మిగతా ఎవరైనా అయితే జడ్జికి ఏమైందని అడిగేవాళ్లు. ఛానెల్ వాళ్లు ప్రోమో చేశారు. ఉరుములు, మెరుపులు, ఖాళీ టేబుల్ మీద ఎర్ర లైటు, ఒక బొంగురు గొంతు: "మాస్టార్ని టేబుల్ ఎక్కించే మొనగాడెవరు?" ఒక మనిషి మోకాలి నొప్పిని ఇంత లాభంగా అమ్మిన కంపెనీ ఇంకోటి ఉండదని, ఆ ప్రోమో వచ్చిన ప్రతిసారీ కాస్ట్యూమర్ టీవీ కట్టేసేవాడు.

ఆ రోజు సెమీఫైనల్. టచప్ తువ్వాలు భుజాన వేసుకుని కెమెరా స్టాండు పక్కన నిలబడ్డాడు కాస్ట్యూమర్. జడ్జిల టేబుల్ వెనక మాస్టారు, ఆయన పక్కన హీరోయిన్ మేడం. ఆవిడ పని ఏడవడం. పాట సగంలో ఉండగానే చేతిరుమాలు సిద్ధం చేసుకుంటుంది.

బొంగరం వచ్చింది. పద్నాలుగేళ్ల పిల్ల. పేరు ఏదో ఉంది గాని, మొదటి వారం తిరిగిన తిరుగుడుకి యాంకర్ పెట్టిన ఈ పేరే మిగిలింది. పాట మొదలైంది. పిల్ల ఒంటికాలి మీద తిరగడం మొదలుపెడితే మొహం, జడ, చేతులు కలిసిపోయి ఒకటే గీతలా కనపడ్డాయి. ఆ గీత ఉన్నట్టుండి ఆగి, మళ్లీ పిల్ల అయింది. ఊపిరి కూడా ఎగసిపడటం లేదు.

"టేబుల్! టేబుల్!" అని జనం మొదలుపెట్టారు.

మాస్టారు లేచాడు. ఎడమ అరచెయ్యి టేబుల్ మీద ఆనించాడు. వేళ్లు తెల్లబడ్డాయి. బరువంతా కుడికాలి మీదే ఉందని కాస్ట్యూమర్‌కి ఒక్కడికే తెలుసు. పిల్ల నోరు తెరుచుకుని, రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని చూస్తోంది.

మాస్టారు చెయ్యి తీసేశాడు. మెల్లగా కూర్చుని మైకు అందుకున్నాడు.

"బావుంది తల్లీ. చాలా బావుంది. కానీ ఎక్కడో ఒక చిన్న వెలితి. అదేంటో నేను చెప్పను. నువ్వే వెతుక్కోవాలి."

పిల్ల తలూపింది. ప్రతి వారం అలాగే తలూపుతోంది. కాకపోతే మొదట్లో ఆ తలూపడంలో పౌరుషం ఉండేది. ఇప్పుడు కొట్టకముందే తల వంచే కుక్కపిల్లలా ఉంది.

హీరోయిన్ మేడం రుమాలు కళ్లకద్దుకుంది. "నాకైతే మాటలు రావట్లేదు" అంది. ఆవిడకి ఎప్పుడూ రావు.

షాట్ అవగానే షో డైరెక్టర్ పరుగెత్తుకొచ్చాడు. గడ్డం కింద హెడ్‌ఫోన్లు వేలాడేసుకుని, నడుస్తూ కాకుండా ఎగురుతూ మాట్లాడే కుర్రమనిషి. "మాస్టర్, ఆ వెలితి మాట ఉంది చూశారూ, చంపేశారు! ఫైనల్ దాకా ఇలాగే లాగుదాం. ఆదివారం మాత్రం ఎక్కాలి మాస్టర్. టేబుల్ చుట్టూ మంటలు పెట్టిస్తున్నా."

"మంటలా?"

"కాలవు మాస్టర్, లైట్ మంటలే. మీరు ఎగరగానే భగ్గుమంటాయి."

"భేష్" అన్నాడు మాస్టారు, టీవీ మొహంతో.

*

క్యారవాన్ తలుపు మూసుకోగానే ఆ మొహం ఊడిపోయింది. కాస్ట్యూమర్ కట్టు విప్పుతుంటే గుడ్డ అచ్చులు చర్మం మీద ఎర్రగా తేలాయి. మోకాలు పక్కకి ఉబ్బి, పాత కుండలా ఉంది.

"ఆ పిల్లకేం తక్కువైందిరా?" అన్నాడు కాస్ట్యూమర్.

"ఏం తక్కువ కాలేదు. ఆ వయసులో నేను అలా తిరగలేదు. నువ్వు ఆ పైవయసులో కూడా తిరగలేదు."

"నా సంగతి వదిలెయ్. ఆ మాటే మైకులో చెప్పొచ్చుగా."

"చెప్తే, మరి టేబుల్ ఎందుకెక్కలేదంటారు."

"మోకాలు బాగాలేదను."

మాస్టారు నవ్వాడు. "అంటాను. డాన్స్ జడ్జి, కాలు వంగదు. పెద్ద మాస్టారు చేతికర్రతో వచ్చిన రోజు గుర్తుందా? పూలదండ వేశారు, కాళ్లకి దండం పెట్టారు, జనమంతా లేచి నిలబడ్డారు. మర్నాడు ఆయన కుర్చీలో ఇంకొకడు. అంత గౌరవంగా గెంటించుకోవడం నా వల్ల కాదు. నేను పోతే నువ్వు మాత్రం ఎవడి ప్యాంటు కుడతావు?"

కాస్ట్యూమర్ గుడ్డని చుట్టలా చుట్టి పక్కన పెట్టాడు. అది నిజం. తన వయసు కాస్ట్యూమర్లు ఇప్పుడు అపార్ట్‌మెంట్ గేట్ల దగ్గర స్టూళ్ల మీద కూర్చుని కార్ల నంబర్లు రాసుకుంటున్నారు.

"ఈ నాలుగు రోజులు ఓపిక పట్టు. షో అయిపోతుంది. పిల్లలు మర్చిపోతారు" అన్నాడు మాస్టారు.

*

మర్నాడు కొలతలకని రిహార్సల్ హాలుకి వెళ్లాడు కాస్ట్యూమర్. ఫైనల్‌లో బొంగరం, మాస్టారి పాత పాటకే ఆడుతుంది. ఆయన అప్పట్లో వేసుకున్న లాంటి నల్ల డ్రెస్సే, వెండి అంచుతో, పిల్ల కొలతకి కుట్టాలి.

మెట్ల మీద ఉండగానే చప్పుడు వినిపించింది. ధబ్. కాసేపు నిశ్శబ్దం. మళ్లీ ధబ్. బస్తా పడ్డ చప్పుడు కాదు, తలుపు పడ్డ చప్పుడు కాదు. ఎముక చెక్కకి తగిలే చప్పుడు. ఆ చప్పుడు అతనికి బాగా తెలుసు. ఒకప్పుడు దానికి చప్పట్లు కొట్టేవాళ్లు.

హాల్లో చెక్కపెట్టెలు ఒకదాని మీద ఒకటి పెట్టి ఉన్నాయి. బొంగరం పైనుంచి గాల్లోకి లేచి, రెండు మోకాళ్ల మీద నేల మీద పడి, ముందుకి జారింది. లేచి, మొహంలో ఏమీ కనపడనీకుండా మళ్లీ పెట్టెలెక్కుతోంది.

గోడవార కూర్చున్న ఆ పిల్ల పిన్ని, తువ్వాల్లో ఐసుముక్కలు మూటకట్టుకుని ఉంది. ఇస్త్రీ షాపు నడుపుకునే మనిషి. షాపు మూసేసి పిల్ల వెంట వచ్చింది. మనిషి కంటే ముందు బట్ట కనపడుతుంది ఆవిడకి.

"రా అన్నయ్యా. ఆ చొక్కా ఇస్త్రీ ఎవరు చేశారు? కాలర్ ముందు లోపలి వైపు చెయ్యాలి. లేకపోతే అలా ముడతపడి ఏడుస్తుంది."

"నేనే చేసుకున్నానమ్మా."

"కుట్టేవాళ్లకి ఇస్త్రీ రాదు. ముందే అనుకున్నా." ఆవిడ పిల్ల వైపు చూసి గొంతు తగ్గించింది. "దీన్ని కాస్త ఆపన్నయ్యా. పోయిన వారం నుంచి ఇదే పని. 'నీకేమన్నా అయితే మీ అమ్మకి ఏం చెప్పుకోనే, నేను చస్తానే' అంటే, 'నువ్వు చస్తే ఇంక చెప్పే పనేముంది పిన్నీ' అంటోంది."

"ఏమ్మా, ఏంటీ దూకుడు?" అన్నాడు కాస్ట్యూమర్.

బొంగరం దగ్గరకొచ్చింది. పిన్ని అతన్ని అన్నయ్యా అంటుంది కాబట్టి పిల్లకి అతను మామయ్య. "మామయ్యా, వెలితి దొరికింది నాకు."

"ఏంటది?"

"భయం. నేను జాగ్రత్తగా ఆడుతున్నా. మాస్టారు అలా ఆడేవారు కాదు. పాత పాటలన్నీ చూశా. ఎంత ఎత్తు నుంచైనా మోకాళ్ల మీద పడిపోయేవారు, మళ్లీ నవ్వుతూ లేచేవారు. ఆదివారం స్టేజీ మెట్ల మీద నుంచి పడతా. అప్పుడు చూస్తా, టేబుల్ ఎందుకెక్కరో!"

కాస్ట్యూమర్ గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని కిందికి వంగాడు. నడుము, తొడ, మోకాలు. టేపు చుట్టగానే పిల్ల కాలు చటుక్కున వెనక్కి లాక్కుంది. ప్యాంటు కొంచెం పైకి జరిపి చూశాడు. చిప్ప చుట్టూ నీలం. కింద పసుపు. నీలం కొత్తది, పసుపు పాతది.

"ఇది మాస్టారికి చెప్పకండి మామయ్యా. మీరు ఆయనతోనే ఉంటారుగా. ఆయన క్యారవాన్‌లో నా గురించి ఏమన్నా అంటారా? నాలో ఏం బాగాలేదంటారు?"

పెదాల మధ్య సూదులున్నందుకు అతనికి సంతోషంగా ఉంది. తల అడ్డంగా ఊపాడు.

"లోపల మెత్తలు కుట్టివ్వండి. కెమెరాకి కనపడకూడదు."

అలాంటి మెత్తలు చాలా కుట్టాడు అతను. ప్రతి పాటకీ కుట్టాడు. అవి ఎవరి మోకాళ్లనీ కాపాడలేదు. ఇంకో గెంతు గెంతడానికి ధైర్యం ఇచ్చాయి, అంతే.

సూదులు తీసి జేబులో గుచ్చుకున్నాడు. చెప్పేద్దామని నోరు తెరిచాడు. అపార్ట్‌మెంట్ గేటు, స్టూలు కళ్ల ముందు మెదిలాయి.

"కుడతాలే" అన్నాడు.

మెట్లు దిగుతుంటే వెనక మళ్లీ ధబ్ మని వినిపించింది. తన నోట్లోంచి వచ్చిన మాట చప్పుడే అది అనిపించింది అతనికి.

*

సాయంత్రం మాస్టారింటికి వెళ్లి, కూర్చోకుండానే చెప్పాడు. "నీ పాటకే ఆడుతోంది. నీలాగే పడుతోంది. మెట్ల మీద నుంచి పడుతుందంట."

మాస్టారు కాలు మోడా మీద పెట్టుకుని టీవీ చూస్తున్నాడు. టీవీలో ఖాళీ టేబుల్, ఉరుములు, బొంగురు గొంతు. రిమోట్ తీసి టీవీ నోరు నొక్కేశాడు.

"ఎవరు నేర్పారు ఆ పిల్లకి?"

"నువ్వే."

 "ఫోన్ చెయ్" అన్నాడు మాస్టారు. "దూకొద్దన్నానని చెప్పు. నా మాటగా చెప్పు."

కాస్ట్యూమర్ పిన్నికి ఫోన్ చేశాడు. ఆవిడ పిల్లకిచ్చింది. మాస్టారు దూకొద్దన్నారని చెప్పాడు.

"అంటే అది కూడా సరిపోదంటారా మామయ్యా?" అంది బొంగరం. "సరే. ఇంకో మెట్టు పైనుంచి చేస్తానని చెప్పండి."

ఫోన్ పెట్టేసి ఆ మాట అలాగే చెప్పాడు. మాస్టారు కళ్లు మూసుకున్నాడు. ఇన్నాళ్లూ ఆయన ఏ మాటన్నా అది ఆ పిల్లకి పరీక్షలాగే వినపడుతోంది. ఇప్పుడు మామూలు మాట చెప్దామన్నా అందులోంచి అర్థాలు తీస్తోంది.

"ఆదివారం ఎలాగైనా ఎక్కుతా" అన్నాడు.

"నువ్వు ఎక్కేది ఆ పిల్ల పడ్డాక."

"తెలుసురా! నాకు తెలీదా?" అని అరిచాడు. మళ్లీ తనే తగ్గాడు. "ముందు ఎక్కగలనో లేదో చూడనీ. ఎక్కగలిగితే, రేపే పిలిచి ఆ పిల్ల ముందే ఎక్కుతా. గొడవ వదిలిపోతుంది. ఎక్కలేకపోతే..."



శనివారం మధ్యాహ్నం భోజనాల వేళ ఫ్లోర్ ఖాళీగా ఉంటుంది. సెట్ వడ్రంగిని పట్టుకుని, నీళ్ల సీసాలు పెట్టుకోవడానికని అబద్ధం చెప్పి, టేబుల్ వెనక ఒక చెక్క మెట్టు కొట్టించాడు కాస్ట్యూమర్. అదే వేళకి బొంగరం స్టేజీ మీద తను నిలబడే చోట్లకి గుర్తులు పెట్టించుకోవడానికి వస్తుందని అతనికి తెలుసు. డ్రెస్సు అప్పుడే తెమ్మన్నారు కూడా.

మాస్టారు సెట్లోకి రాగానే చుట్టూ చూశాడు. లైట్లు సగమే వెలుగుతున్నాయి. కుర్చీలన్నీ ఖాళీ.

"గడియ పెట్టావా?"

"పెట్టా" అన్నాడు కాస్ట్యూమర్.

పెట్టలేదు. గడియ మీద చెయ్యి వేసి, కాసేపు ఆ చల్లటి ఇనుముని పట్టుకుని, వదిలేశాడు. నోటితో చెప్పలేని మనిషి అంతకంటే ఏం చెయ్యగలడు?

*

మెట్టు మీద కుడికాలు. టేబుల్ మీద రెండు చేతులు. కాస్ట్యూమర్ వెనక నుంచి నడుము పట్టుకుని ఎత్తాడు. మాస్టారు మూలుగుతూ, తిడుతూ, గాజుపలక మీదికి పొట్టతో పాకి, ఎడమ మోకాలు ఆనకుండా కుడి మోకాలి మీద లేచి, కాస్ట్యూమర్ నెత్తిని గుంజలా పట్టుకుని నిలబడ్డాడు.

"ఎక్కానురా!"

"ఎక్కావు. ఇలా ఎక్కితే మంటలు పెట్టేవాడు మధ్యలో టీ తాగొస్తాడు."

"నోర్మూసుకో. దించు."

దించడం అంత తేలిగ్గా కాలేదు. కింద మెట్టు కనపడదు. ఎడమకాలు కిందికి చాపితే మోకాలు ఒప్పుకోవడం లేదు. కుడికాలు చాపాలంటే ఎడమకాలి మీద నిలబడాలి, అదీ ఒప్పుకోవడం లేదు. మాస్టారు అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. చివరికి అటకెక్కిన పిల్లిలా మధ్యలో ఆగిపోయాడు. నుదుటి మీంచి చెమట కాస్ట్యూమర్ చొక్కా మీద పడింది.

"నన్ను దించరా బాబూ."

"ఊగకు, గాజుపలక."

అప్పుడు తలుపు కిర్రుమంది.

బూట్లు చేత్తో పట్టుకుని బొంగరం, ఆమె వెనక ఐసుమూటతో పిన్ని. ఇద్దరూ అక్కడే ఆగిపోయారు.

"ఎవర్రా అది?" మాస్టారికి వెనక్కి తిరిగే వీలు లేదు.

"బొంగరం."

"గడియ పెట్టానన్నావ్!"

"అబద్ధం చెప్పా" అన్నాడు కాస్ట్యూమర్.  తన ఉద్యోగం తలుపులోంచి బయటికి నడిచి వెళ్లిపోవడం చూస్తున్నట్టుంది. ఆపాలనిపించలేదు.

పిల్ల టేబుల్ దగ్గరికొచ్చి తలెత్తి చూసింది. "ఏమైంది మాస్టారూ?"

టీవీ మొహం కోసం మాస్టారు కాసేపు వెతుక్కున్నాడు. అంత ఎత్తులో, ఒకడి జుట్టు పట్టుకుని నిలబడ్డవాడికి అది దొరకలేదు.

"దిగలేకపోతున్నానమ్మా" అన్నాడు.

ముందుగా తేరుకుంది పిన్నే. ఐసుమూట కింద పెట్టి చీర కొంగు దోపింది. "నిలబడి దిగితే ఎలా దిగుతారు? ముందు కూర్చోండి. కూర్చోండంటే! మా ఆయన కూడా అంతే, నిచ్చెనెక్కడం వచ్చు, దిగడం రాదు. అన్నయ్యా, నువ్వలా నెత్తి అప్పగించి నిలబడకపోతే నడుము పట్టుకోవచ్చుగా. నువ్వు ఆ కాలు పట్టుకోవే."

మాస్టారు కూర్చున్నాడు. ముగ్గురూ కలిసి అలమారా దించినట్టు దించారు. ఆ పెనుగులాటలో ప్యాంటు పైకి జరిగి, కట్టు వదులై చీలమండ మీదికి జారింది. ఉబ్బిన మోకాలు బయటపడింది. కాస్ట్యూమర్ అలవాటుగా ప్యాంటు లాగబోయాడు. మాస్టారు అతని చెయ్యి పక్కకి నెట్టాడు. చూడనీ అన్నట్టు.

బొంగరం చూసింది. చాలాసేపు చూసింది.

"ఎప్పట్నుంచి?"

"సీజన్ మొదలవకముందు నుంచి."

"అయితే మొదటి వారం..."

"ఎక్కాల్సింది. మొదటి వారమే ఎక్కాల్సింది. నిన్నగాక మొన్న కూడా ఎక్కాల్సింది."

"మరి వెలితి?"

"నాదమ్మా. నీలో ఏం లేదు. ఎప్పుడూ లేదు."

ఏడుస్తుందేమో అనుకున్నాడు కాస్ట్యూమర్. ఏడవలేదు. ఆ పిల్ల మొహం ఎర్రబడింది. "ఎంత వెతికానో తెలుసా మాస్టారూ? చేతులు బాగాలేవేమో అని చేతులు మార్చా. నవ్వు బాగాలేదేమో అని పళ్లు కనపడకుండా నవ్వడం నేర్చుకున్నా. ఇంక మార్చడానికేం లేదు, నేనే బాగాలేనేమో అనుకున్నా!"

మాస్టారు తల దించుకున్నాడు. డాన్స్ నేర్చుకునే పిల్లల ముందు ఆయన తల దించుకోవడం కాస్ట్యూమర్ ఎన్నడూ చూడలేదు. "తప్పయిపోయిందమ్మా" అన్నాడు. "కుర్చీ పోతుందని భయం. నీ మోకాళ్లు పోతాయంటే గాని బుద్ధి రాలేదు. మెట్ల మీద నుంచి పడకు. నేనలా పడే ఇలా అయ్యాను. నవ్వుతూ లేచేవాణ్నే. ఆ నవ్వు కెమెరాకి."

పిల్ల ఆయన్ని చూసింది. పిన్నిని చూసింది. స్టేజీ మీద కూర్చుని, బూట్లు పక్కన పెట్టి, నోరంతా తెరిచి ఒక పెద్ద ఆవులింత తీసింది.

"నిద్రొస్తోంది పిన్నీ."

"ఇక్కడా?"

 అక్కడే పక్కకి వాలి, మోచెయ్యి తలకింద పెట్టుకుని, మాటకీ మాటకీ మధ్య నిద్రపోయింది. గుర్తులు పెట్టే అసిస్టెంట్ రంగు టేపు తిప్పుకుంటూ వస్తే పిన్ని వేలు పెదాల మీద పెట్టింది. "తర్వాత రా నాయనా. వారాల తరబడి పడుకోలేదు అది."

మాస్టారు ప్యాంటు పైకి మడిచి ఉండగానే, ఐసుమూట తీసుకుని తన మోకాలి మీద పెట్టుకున్నాడు.

*

ఆదివారం జనం పొద్దున్నుంచే వరసకట్టారు. కాస్ట్యూమర్ ఆ రోజు కట్టు మామూలుగానే కట్టాడు. ఏం చేస్తావని అడగలేదు. మాస్టారు చెప్పలేదు. తెలియదు కాబట్టి చెప్పలేదని అర్థమైంది.

బొంగరం చివరన వచ్చింది. పాట నడిచింది. మెట్లు ఎక్కే చోటు వచ్చింది. ఎక్కింది. పైన ఆగింది. కాస్ట్యూమర్ తువ్వాలు రెండు చేతులా పిసికాడు. మెత్తలు కుట్టలేదు అతను. కుట్టమని మళ్లీ ఆ పిల్లా అడగలేదు. పాటలో ధబ్ మనాల్సిన దెబ్బ పడింది. పిల్ల దూకలేదు. గిర్రున తిరుగుతూ ఒక్కో మెట్టే దిగింది, చక్రంలా, ఎక్కడా ఆగకుండా. నేల మీదికి వచ్చేసరికి పళ్లన్నీ కనపడేలా నవ్వుతోంది.

"టేబుల్! టేబుల్!"

మాస్టారు లేచాడు. చెయ్యి టేబుల్ మీద పెట్టాడు. ఇయర్‌పీస్‌లో డైరెక్టర్ అరుపు పక్కనున్న కాస్ట్యూమర్‌కి కూడా చిన్నగా వినపడుతోంది. "ఎక్కండి మాస్టర్, మంటలు రెడీ, ఎక్కండి!" 

అప్పుడు పిల్ల యాంకర్ చేతిలో మైకు తీసుకుంది.

"కూర్చోండి మాస్టారూ" అంది. "నా టేబుల్ నాకు నిన్ననే వచ్చేసింది."

జనం గోల సద్దుమణిగింది. ఎవరికీ అర్థం కాలేదు. పిల్ల ఇంకేం చెప్పలేదు. చెప్పకుండా ఊరుకోవడానికి సిద్ధంగానే ఉంది. మాస్టారు కూర్చోవచ్చు. నవ్వేసి, ఏదో ఒక మాట చెప్పి, వచ్చే సీజన్ దాకా గడిపేయొచ్చు.

ఆయన చెవిలోది పీకి టేబుల్ మీద పెట్టాడు. అది ఇంకా పురుగులా అరుస్తూనే ఉంది.

"నిజమే. నిన్న మధ్యాహ్నం ఎక్కాను" అన్నాడు మైకులో. "దింపడానికి ముగ్గురు పట్టారు." జనం నవ్వారు. "నవ్వకండి. నిజం. నా మోకాలు పోయింది. ఈ సీజన్ మొదటి వారమే ఈ అమ్మాయికి టేబుల్ రావాలి. నేను ఎక్కలేక, ఆ మాట చెప్పలేక, ఏదో వెలితి ఉందన్నాను. అబద్ధం. మీరందరూ విన్నారు కాబట్టి మీ అందరి ముందే చెప్తున్నా."

చప్పట్లు రాలేదు. చప్పట్లు కొట్టించే మనిషి కూడా చెయ్యి ఎత్తడం మర్చిపోయాడు. ఇంక అయిపోయింది అనుకున్నాడు కాస్ట్యూమర్. పూలదండ, దండం, గేటు, స్టూలు. అనుకుంటే భయం రావాలి. రాలేదు. బిగుతు బూట్లు విప్పేసినప్పుడు వేళ్లు ఒక్కోటి విడివడినట్టు, ఒంట్లో ఏదో విడివడింది.

"మాస్టారూ" అంది హీరోయిన్ మేడం.

అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ చేతిలో రుమాలు లేదు. చేతిసంచి ఒళ్లో పెట్టుకుని అందులో ఏదో వెతుకుతోంది.

"మీరు చెప్పేశారు కాబట్టి నేనూ చెప్తా. నాకు ఆ స్టేజీ అంచు కనపడదు. అక్కడేదో రంగురంగులుగా తిరుగుతుందని తెలుస్తుంది, అంతే. అద్దాలు పెట్టుకుంటే వయసు కనపడుతుందని వద్దన్నారు. పాట వినపడుతుంది, జనం అరుపు వినపడుతుంది, దాన్ని బట్టి ఏడుస్తుంటాను."

సంచిలోంచి లావుపాటి కళ్లద్దాలు తీసి, కొంగుతో తుడిచి పెట్టుకుంది. అద్దాల వెనక కళ్లు చేపకళ్లంత పెద్దవయ్యాయి. ముందు మాస్టారిని చూసింది. "అబ్బో, మీకు ఇంత జుట్టు తెల్లబడిందా?" అంది. తర్వాత స్టేజీ వైపు తిరిగి, ముందుకి వంగి, పిల్లని తలనుంచి పాదాల దాకా చూసింది.

"ఇంత చిన్నపిల్లవా నువ్వు! నేనింకా పెద్దదానివనుకున్నాను. మార్కులు తర్వాత. నేను నిన్ను ఒక్కసారి కూడా చూడలేదమ్మా. ఇంకోసారి ఆడతావా?"

డైరెక్టర్ కంట్రోల్ రూములోంచి పరుగెత్తుకొచ్చి, స్టేజీ కింద రెండు చేతులూ ఎత్తి ఏదో చెప్పబోయాడు. మొదటి వరసలో పిన్ని లేచి, "పక్కకి జరుగు నాయనా, అడ్డం" అంది. వెనకవాళ్లు కూడా అదే అన్నారు. అతను జరిగాడు.

కాస్ట్యూమర్ పక్కనే ఖాళీ కుర్చీ ఉంది. ఈ షోలో అతను ఇంతవరకూ కూర్చుని ఒక్క డాన్స్ చూడలేదు. తువ్వాలు మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

బొంగరం చేతులు విదిలించుకుని, జడ బిగించుకుని, స్టేజీ మధ్యకి నడిచింది. పాట వేసే అతని వైపు తలెత్తి చూసింది.

"మొదట్నుంచి వెయ్యన్నా" అంది.